బొగ్గు బాయిల ఊళ్లో ఒక ఆదివారము



కిందటి సంవత్సరము దసరాకు ముందు వచ్చిన ఆదివారము వాక్యము చెప్పుటకు గోదావరిఖని సంఘమువారు మమ్మును పిలిచారు. కాజీపేట నుండి బల్హార్షా వైపు వెళ్లే రైలెక్కి రామగుండంలో దిగాము. దూరము నుండే ఎన్.టి.పి.సి. పొగగొట్టాలు కనబడ్డాయి. చెట్ల ఆకుల మీద సన్నని నల్లటి దుమ్ము. పొద్దును చూసి పొలానికి వెళ్లే మనకు ఆ ఊరి జీవితము వింతగానే తోస్తుంది. తండ్రి డ్యూటీకి బయలుదేరే వేళకు కొడుకు డ్యూటీ దిగి వచ్చి నిద్రపోతాడు. గనిని అక్కడివారు 'బాయి' అంటారు.

ఈ బొగ్గు కథ పాతది. 1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతములో బొగ్గు కనుగొన్నాడు. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920 డిసెంబరు 23న ఏర్పడింది. ఇల్లందుకు రైలు మార్గము చీలిన జంక్షను డోర్నకల్. 1912లో వి.ఎస్. అజరయ్య గారు ఆ డోర్నకల్‌కు మొదటి బిషప్పు అయ్యారు. ఆయన కాలములో కట్టిన దేవాలయము 1939లో ప్రతిష్ఠింపబడింది. దాని గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడి మంటపాన్ని గుర్తుకు తెస్తాయి. ఆరాధన మాత్రము క్రీస్తుకే. ఈ నేల రూపాన్ని తీసుకొని ప్రభువుకు అర్పించిన పెద్దలు మనకున్నారు.

ఇంత తెలిసి కూడా మేము ఆ ఉదయము తొందరపడ్డాము. స్త్రీల వైపు చాపలు నిండాయి గాని పురుషుల వైపు సగము ఖాళీ. "ఇయ్యాల ప్లేడే అయ్యగారూ, డ్యూటీ పడ్డోళ్లు పోయిండ్రు" అన్నాడు సంఘపెద్ద. ప్లేడే అంటే వారపు సెలవు. ఆ రోజు పని చేసినవారికి రెట్టింపు జీతము. దేవుని దినమును జీతానికి అమ్ముకుంటున్నారని ప్రసంగములో గట్టిగానే మందలించాము.

మధ్యాహ్నము ఆ పెద్ద ఇంట్లోనే మాకు భోజనము. మొదటి షిఫ్టు దిగి వారి కుమారుడు వచ్చాడు. తల్లి మా ప్రసంగమంతా అతనికి చెప్పింది. అతడు కాళ్లు కడుక్కొని మా ఎదుట కూర్చుని నెమ్మదిగా అన్నాడు: "నేను పంపు మీద పని చేస్త అయ్యగారూ. నీళ్లు తోడుడు ఆపితే బాయి నిండుతది. ఆదివారమని ఊట ఆగదు గద."

మాకు మాట రాలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు మరణించారు. బాయిలో నీళ్లంటే ఏమిటో ఆ ఊరిలో ఒకరు చెప్పనక్కరలేదు. విశ్రాంతిదినమున కుమారుడైనా ఎద్దయినా బావిలో పడితే వెంటనే పైకి తీయనివాడెవడని ప్రభువు అడిగిన సంగతి లూకా 14లో ఉంది. ఎన్నోసార్లు బోధించాము గాని ఈ బాయి మాకు తట్టలేదు.

ఆ రాత్రి వారింట్లోనే, డ్యూటీ దిగినవారితో మళ్లీ ఆరాధన పెట్టాము. ఉదయము తెలుసుకోకుండా మాట్లాడామని ఒప్పుకున్నాము. అప్పుడు ఒక సహోదరుడు తలవంచుకొని, "నేను మాత్రం పైసల కోసమే పోయిన. బిడ్డ పెండ్లి అప్పున్నది" అన్నాడు. అతనిని మేము గద్దించలేదు. అప్పు తీరవలసిందే, కాని ఏ ఆదివారమూ ఇంటి వద్ద లేని తండ్రి పిల్లలకు ఏమి మిగిల్చగలడని మాత్రము అడిగాము. "చూస్త అయ్యగారూ" అన్నాడు. అతని కొరకు ఇంకా ప్రార్థిస్తున్నాము.

బయలుదేరేటప్పుడు ఆ ఇంటి కోడలు ఇంకొక ప్రశ్న వేసింది. క్వార్టర్ల లైనులో అందరూ బతుకమ్మ పేరుస్తున్నారు, ఆమెను రమ్మన్నారు. "పోతే పూజాయె. పోకుంటే, నా కాన్పుకు ఆస్పత్రిల రాత్రంత కూసున్న పక్కింటక్క బాధపడతది." కొరింథీయులకు పౌలు వ్రాసిన మాటలు కలిసి చదివాము. అన్యులు పిలిస్తే వెళ్లి భోజనము చేయవచ్చునన్నాడు. విగ్రహార్పితమని చెబితే తినవద్దన్నాడు. "గౌరమ్మ పూజలో చేయి కలపకమ్మా. తంగేడు, గునుగు పూలు ప్రభువు చేసినవే. అక్కతో కూర్చుని పూలు ఏరు. పూజ వేళకు నీ విశ్వాసము సంగతి ప్రేమగా చెప్పి లేచి రా" అన్నాము. మరునాడు అలాగే చేసిందట. ఆ అక్క నొచ్చుకోలేదట.

మన పల్లెల నుండి ఎందరో బిడ్డలు బాయిలకు, ఫ్యాక్టరీలకు వెళ్తున్నారు. వారు ఇంటికి వచ్చినప్పుడు "గుడికి పోతున్నావా?" అని అడగక ముందు, "నీ డ్యూటీ ఎట్లుంటది?" అని అడుగుదాము. విన్న తరువాత వాక్యము చెబుదాము. భూమి పైన ఉన్నవారిని, దాని లోతులలో పని చేసేవారిని ప్రభువు కాపాడును గాక. ఆమేన్.