విప్పేటప్పుడు చూడాలి

కుప్పంలో ఆస్పత్రి అంటే మూడు రాష్ట్రాల వ్యవహారం. ఓపీ చీటీ రాసే అమ్మాయి ఒకరితో తెలుగులో, పక్కవాళ్లతో కన్నడంలో, వెనక నిలబడ్డాయనతో తమిళంలో మాట్లాడేస్తుంది. ఎబోలా శిక్షణ చూద్దామని నేను వెళ్లిన ఆస్పత్రిలో ఆ ఉదయం ఆమె ఒక కొత్త ప్రశ్న అలవాటు చేసుకుంటోంది. "ఈ 21 రోజుల్లో దేశం దాటి యాడికన్నా పోయొచ్చినారా?"

ఎబోలా వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు కనబడటానికి 2 నుంచి 21 రోజులు పడుతుంది. మొదట వచ్చేవి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు. చూసినవాళ్లు మలేరియానో, టైఫాయిడో అనుకుంటారు. 2014లో అమెరికాలోని డాలస్‌లో అదే జరిగింది. లైబీరియా నుంచి వచ్చిన రోగి జ్వరమంటూ ఎమర్జెన్సీకి పోతే మందులిచ్చి ఇంటికి పంపేశారు. ఆఫ్రికా నుంచి వచ్చాడన్న సంగతి ఆస్పత్రి రికార్డులో ఉండనే ఉంది. తర్వాత ఆయనకు సేవ చేసిన నర్సుల్లో ఇద్దరికి అంటుకుంది. అదే ఏడు మన హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలోనూ ఎబోలా అనుమానితుల కోసం ప్రత్యేక వార్డు సిద్ధం చేశారు.

అసలు శిక్షణ లోపలి హాల్లో. నేర్పే సిస్టర్ ఒక గిన్నెలో కుంకుమ నీళ్లు కలిపి, గౌను, మాస్కు, కళ్లద్దాలు, రెండు జతల గ్లౌజులు తొడుక్కున్న చిన్న నర్సు చేతులమీద, పొట్టమీద చల్లింది. "ఇదే వైరస్ అనుకోమ్మా. ఇప్పుడు విప్పు." ఎదుట ఇంకో నర్సు జాబితా పట్టుకుని ఒక్కొక్క మెట్టూ చదువుతోంది. పైగ్లౌజులు తీశాక చేతులు శుభ్రం చేసుకోవాలి. గౌను లోపలివైపు బయటికొచ్చేలా చుట్టుకుంటూ ఒలిచేయాలి. కళ్లద్దాలు వెనక పట్టీ పట్టుకుని తీయాలి. ముందువైపు ముట్టకూడదు. ఆ పిల్ల అన్నీ సరిగానే చేసింది గానీ, మధ్యలో జారిన కళ్లద్దాల్ని వేలితో పైకి తోసుకుంది. ముక్కు పక్కన ఎర్రటి చుక్క తేలింది. హాలంతా నవ్వు. సిస్టర్ మాత్రం నవ్వలేదు.

తొడుక్కోవడం ఎవరైనా నేర్చుకుంటారు. ప్రాణం మీదికొచ్చేది అలసిపోయి, చెమటలు కారుతూ విప్పేటప్పుడు. పశ్చిమ ఆఫ్రికాలో 2014 మొదలు ఏడాది పైచిలుకు కాలంలో 800 మందికి పైగా ఆరోగ్య సిబ్బందికి ఎబోలా సోకింది. వాళ్లలో సగానికి మించి నర్సింగ్ పనివాళ్లే. డాక్టర్లు, వైద్య విద్యార్థులు కలిపి 12 శాతం. శుభ్రం చేసేవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ హాల్లో ఆయమ్మల్ని, స్వీపర్లని ముందు వరసలో కూర్చోబెట్టడం నాకు బాగా నచ్చింది. చాలాచోట్ల ఇలాంటి క్లాసులకు వాళ్లని పిలవనే పిలవరు.

ఆస్పత్రే రోగాన్ని పంచిపెట్టిన కథ కూడా సిస్టర్ చెప్పింది. 1976లో జైర్ దేశంలో, అంటే ఇప్పటి కాంగోలో, యాంబుకు అనే పల్లె. అక్కడి మిషన్ ఆస్పత్రిలో రోజుకు ఐదే సిరంజీలు. ఒకరికి పొడిచి, గోరువెచ్చటి నీళ్లలో ఆడించి ఇంకొకరికి పొడిచేవారు. ఆ ప్రాంతంలో 318 మందికి జబ్బు చేస్తే 280 మంది పోయారు. ఆస్పత్రి సిబ్బంది 17 మందిలో 11 మంది మిగల్లేదు.

ఇక్కడినుంచి పలమనేరు, పుంగనూరు మీదుగా పోతే వచ్చే మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం ఉంది. 1915లో క్షయ కోసం తెరిచిన ఆ ఆస్పత్రికి అప్పట్లో గాలీ వెలుతురే పెద్ద మందులు. ఎబోలాకు ఆ లెక్క సరిపోదు. అది క్షయలా గాలిలో తిరగదు, రోగి రక్తం, వాంతి, బేదుల ద్వారా అంటుతుంది. కాబట్టి ఇక్కడ పని గ్లౌజులదీ బ్లీచింగుదీ. 35 శాతం క్లోరిన్ ఉన్న పౌడరైతే లీటరు నీళ్లకు 14 గ్రాములు. ఒక స్వీపరు ఆ కొలత గోడమీద పెద్దక్షరాలతో రాయించమన్నాడు.

చివర్లో, అనుమానం కేసు వస్తే ఉంచడానికి ఎంచిన గదిని చూపించారు. మూలగది, విడిగా తలుపు, కిటికీ. అందరూ తలలూపారు. ఒక పెద్ద ఆయమ్మ మాత్రం లోపలికి తొంగిచూసి అడిగింది.

"వాంతులు, బేదులు అంటిరి కదా మేడం. దీనికి బాత్రూం యాడుంది?"

లేదు. వరండా దాటి, అందరూ వాడేదానికే పోవాలి. సిస్టర్ ఆ గది పేరు కొట్టేసి, బాత్రూం ఉన్న గదులేవో చూద్దామంటూ ఆయమ్మనే వెంటబెట్టుకుని పై అంతస్తుకు బయల్దేరింది.