మూసుకునే తలుపు, వినే మనిషి

మూడో తరగతిలో రేకుపెట్టె పట్టుకుని ఆశ్రమ పాఠశాలకు వచ్చినవాళ్లం మేము. ఇప్పుడు మాలో కొందరం అలాంటి బడుల్లోనే పాఠాలు చెబుతున్నాం, కొందరం ఊళ్లో వ్యవసాయం చేసుకుంటున్నాం. ఉట్నూరు ఏజెన్సీలో పుట్టి పెరిగిన మాకు 'మేము' అనే మాట బాగా అలవాటు. చేను పనికి మేము, దండారికి మేము, చావుకు మేము, తగాదా వస్తే రాయి సెంటర్‌లో కూర్చునేదీ మేమే. ఇన్నాళ్లూ మనల్ని కాపాడింది ఈ మాటే. అయితే కొన్ని బాధలు 'మేము' అని చెప్పుకుంటే తీరవు. 'నేను' అని మొదలుపెట్టి, ఒక్క మనిషికే చెప్పుకోవాలి. అలా చెప్పుకునే చోటు మనకు ఎంత అవసరమో ఈ వ్యాసంలో రాస్తున్నాం.

మా దగ్గర 'ప్రైవేటు' అంటే పైసలు. ప్రైవేటు బడి, ప్రైవేటు దవాఖానా, ప్రైవేటు జీపు. కౌన్సెలింగ్‌లో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. ఇద్దరు మాట్లాడుకున్నది ఆ ఇద్దరి మధ్యే ఉండటం. హాస్టల్ పిల్లలకు దొరకనిది సరిగ్గా ఇదే. పడుకునే హాలు అందరిదీ, తినే వరస అందరిదీ. ఇంటికి ఫోన్ చేయాలంటే ఒకే ఫోన్ దగ్గర వరుసలో నిలబడి, వెనుక పదిమంది వింటుండగా మాట్లాడాలి. అవతల నుంచి తల్లి "బాగున్నావా" అని అడిగితే "బాగున్నా" అనక ఇంకేమంటారు?

గూడెంలోనూ అంతే. భూమి గట్టు తగాదాను రాయి సెంటర్ చక్కగా తీరుస్తుంది. సార్మేడి మాటకు విలువ ఉంది, ఉండాలి కూడా. కానీ తాగి వచ్చి కొట్టే భర్త గురించి, పెళ్లి వద్దనుకుంటున్న మనసు గురించి, రాత్రిళ్లు వచ్చే భయం గురించి ఒక ఆడపిల్ల పదిమంది పెద్దల ముందు నిలబడి చెప్పగలదా? చెప్పలేదు. చెప్పలేని మాట ఒంట్లోకి దిగుతుంది. తలనొప్పి, కడుపునొప్పి, అన్నం సయించకపోవడం, గుండె దడ. ఏఎన్‌ఎం దగ్గరికి వెళితే మాత్ర ఇస్తుంది. నొప్పి మళ్లీ వస్తుంది.

మా వైపు పిల్ల ఒకామె ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో రెండేళ్ల పీజీ, చదివింది. కొన్నేళ్లు పట్నంలోని దవాఖానలో పనిచేసి తిరిగి వచ్చింది. మండల కేంద్రంలో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని కౌన్సెలింగ్ మొదలుపెట్టింది. వారానికి ఒక్కరోజే కూర్చుంటుంది, అదీ అంగడి రోజు. ఆ రోజే ఎందుకని అడిగితే, "అంగడికి పోతున్నామంటే ఎవరూ ఎందుకని అడగరు కదా" అంది. ఉప్పు, మిరపకాయలు కొనుక్కుని, సంచీ పట్టుకుని మెట్లెక్కి రావచ్చు. జీతం ఉన్నవాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటుంది, చదువుకునే పిల్లల దగ్గర తీసుకోదు. ఆమె ఎవరో, ఏ ఊరో ఇక్కడ రాయడం లేదు. ఆమె దగ్గరికి వెళ్లేవాళ్ల గుట్టు కూడా దాంతో ముడిపడి ఉంది.

అక్కడ జరిగేది మంత్రమూ కాదు, ఉపదేశమూ కాదు. ముందు తలుపు మూస్తుంది. మీరు చెప్పింది బయటికి పోదంటుంది. వెంటనే, ఏ సందర్భాల్లో తప్పక బయట చెప్పాల్సి వస్తుందో కూడా చెబుతుంది. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉంటే చెప్పాలి. పిల్లలపై లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపాలి. ఈ హద్దులు మొదటే చెప్పడం నమ్మకంలో భాగం. ఆ తర్వాత అడుగుతుంది: నిద్ర పడుతోందా, తింటున్నావా, ఎప్పటి నుంచి ఇలా ఉంది, ఇంట్లో ఎవరికి చెప్పుకోగలవు? గోండిలో అడుగుతుంది. గోండిలోనే జవాబు వస్తుంది.

భాష సంగతి చిన్నది కాదు. పట్నంలో చదువుకునే మా తమ్ముడొకడు అక్కడ ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాడు. అతని తెలుగు యాసకు ఆయన నవ్వాడు. తమ్ముడు మళ్లీ ఆ గడప తొక్కలేదు. నవ్వింది ఒక్కసారే అయినా, ఆ రోజు చెప్పాలనుకున్నది మాత్రం లోపలే ఉండిపోయింది. బాధను చిన్నప్పుడు ఏ మాటతో ఏడ్చామో ఆ మాటతోనే చెప్పగలం. 1940ల్లో మార్లవాయిలో హైమెండార్ఫ్ పూనికతో గోండు టీచర్లకు శిక్షణ మొదలైనప్పుడు, పిల్లలకు గోండిలో పాఠాలు తయారుచేశారు. చదువుకు తల్లిభాష కావాలని ఆనాడే తెలిసింది. మనసుకూ అదే కావాలి.

ఒక పిల్లవాడి సంగతి, గుర్తుపట్టకుండా వివరాలు మార్చి చెబుతున్నాం. ఇంటర్ తప్పాడు. తండ్రి ఎడ్లు అమ్మి పంపిన పైసలు గుర్తొచ్చి ఇంటికి పోలేకపోయాడు. అందరూ "ధైర్యంగా ఉండు" అన్నారు. ఆమె ఆ మాట అనలేదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగింది. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది టీచర్లు భయపడతారు. పుట్టదు. ఒక్కడే మోస్తున్న బరువుకు ఇంకో చెయ్యి పడుతుంది. తర్వాత ఇద్దరూ కలిసి బాధను ముక్కలు చేశారు. సప్లిమెంటరీ ఫీజు కట్టడం ఒక ముక్క. ఆగిన స్కాలర్‌షిప్ గురించి కాలేజీలో అడగడం ఒక ముక్క. తండ్రికి చెప్పడం అన్నిటికన్నా పెద్ద ముక్క. ఏ మాటతో మొదలుపెట్టాలో ఆ గదిలోనే రెండుసార్లు చెప్పి చూసుకున్నాడు. కష్టం పోలేదు. చేతికి అందే సైజుకు వచ్చింది.

సోషల్ వర్కర్ ప్రత్యేకత ఇక్కడే ఉంది. మనసును మాత్రమే చూడదు, మనిషి చుట్టూ ఉన్న ఇల్లు, భూమి, ఆఫీసు అన్నీ చూస్తుంది. మన మనసు బాధల్లో సగం కాగితాల బాధలు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పెట్టుకున్న పోడు దరఖాస్తు ఏమైందో తెలియక నిద్రపోని తల్లికి, ఊపిరి నెమ్మదిగా పీల్చమని చెబితే సరిపోదు. ఆ దరఖాస్తు ఎక్కడ ఆగిందో కనుక్కోవాలి. ఆమె రెండూ చేస్తుంది.

ఆమె చేయనివీ ఉన్నాయి. మందులు రాయదు. లేని గొంతులు వినపడుతున్నా, వారాల తరబడి నిద్ర లేకపోయినా, మూర్ఛలు వస్తున్నా ఆదిలాబాద్ రిమ్స్‌కు వెళ్లమంటుంది, అవసరమైతే తోడు వెళుతుంది. దేవారి దగ్గరికి పోవద్దని ఎన్నడూ అనదు. "పూజ చేయించుకోండి, గోలీలు మాత్రం ఆపకండి" అంటుంది. ఈ ఒక్క మాటతో పెద్దవాళ్లు ఆమెను నమ్మారు.

బోర్డు పెట్టిన ప్రతివాళ్లూ ఇలా ఉండరు. కాబట్టి అడగాలి: ఏం చదివారు, ఎవరి దగ్గర శిక్షణ పొందారు? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అంటే ఎవరో చెప్పింది. సోషల్ వర్క్‌లో పీజీ అయ్యాక, ఆ విభాగంలో రెండేళ్ల ఎంఫిల్ చేసి, దవాఖానలో పర్యవేక్షణ కింద పని నేర్చుకుని ఉండాలి. ఎంఎస్‌డబ్ల్యూ చదివినవాళ్లు మాటసాయం చేయగలరు. కానీ తాము ఏమిటో, ఏమి కాదో దాచకుండా చెప్పాలి. ఒక్క సిట్టింగ్‌లో నయం చేస్తామన్నా, మీ మాటలు కాలేజీకి చేరవేసినా అక్కడికి మళ్లీ వెళ్లకండి. చికిత్స సంగతులు గుట్టుగా ఉంచాలన్నది అదే చట్టం ఇచ్చిన హక్కు. ప్రాణం తీసుకోబోయిన మనిషిని నేరస్థుడిగా కాక, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలని కూడా ఆ చట్టమే చెప్పింది. కేసు అవుతుందని భయపడి దవాఖానకు తీసుకుపోకుండా ఆగవద్దు.

టీచర్లకు మా మనవి. మీ బడిలో తలుపు మూసుకునే గది ఒకటి చూడండి, స్టోర్ రూమ్ మూల అయినా సరే. పిల్ల చెప్పిన బాధను ప్రార్థన సమయంలో నీతికథ చేయకండి. ఏడాదికొకసారి మైకు పెట్టి చెప్పే ప్రేరణ ఉపన్యాసం కౌన్సెలింగ్ కాదు. టెలీ మానస్ నంబరు 14416, పిల్లల హెల్ప్‌లైన్ 1098, రెండూ ఉచితం. గోడ మీద రాయడంతో ఆగకుండా, ఆ ఫోన్ చేసుకోవడానికి ఒంటరిగా పది నిమిషాలు ఇవ్వండి.

డబ్బున్న దేశాల్లోనే ఇవన్నీ సాగుతాయని అనుకోవద్దు. జింబాబ్వేలో మానసిక వైద్యులు చాలా తక్కువ. అక్కడ డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో అవ్వలకు శిక్షణ ఇచ్చి, దవాఖానల ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టారు. దిగులుతో వచ్చినవాళ్లు అవ్వ పక్కన కూర్చుని చెప్పుకుంటారు. ఆ అవ్వలు ఇంగ్లిష్ జబ్బు పేర్లు వాడరు. షోనా భాషలో 'అతిగా ఆలోచించడం' అనే అర్థమున్న తమ మాటే వాడతారు. మన గూడేల్లో అలాంటి అవ్వలు లేరా? ఉన్నారు. వాళ్లకు శిక్షణ ఇచ్చేవాళ్లు, మన భాషలు వచ్చినవాళ్లు కావాలి.

అందుకే ఇంటర్ అయ్యాక ఏం చదవాలని అడిగే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు టీచర్, నర్సు, పోలీసు ఉద్యోగాలతోపాటు సోషల్ వర్క్ పేరు కూడా చెబుతున్నాం. గోండి, కొలామి, లంబాడీ, కోయ భాషల్లో వినగల మనిషి మండలానికొకరు ఉండాలని ఐటీడీఏను అడుగుదాం. వాళ్లు వచ్చేదాకా మన పిల్లలు ఆగలేరు కాబట్టి, ఈ ఏడాది ఎవరైనా ఎంఎస్‌డబ్ల్యూ ప్రవేశ పరీక్ష రాస్తానంటే దరఖాస్తు ఫీజు, బస్సు చార్జీ మేము తలా కొంత వేసుకుని ఇస్తాం. 'మేము' అనే మాటకు అంతకన్నా మంచి పని ఏముంది?