జింబోచోలో కొన్న బొమ్మ

టోక్యో

అక్కకి,

ఇవాళంతా కాండా జింబోచోలోనే గడిచింది. వీధి పొడుగునా పాత పుస్తకాల కొట్లు, మధ్యమధ్య చెక్క అచ్చు బొమ్మల కొట్లు. హొకుసాయి గీసిన కెరటం బొమ్మ ఎక్కడ చూసినా కనిపిస్తుంది. నాకు కావలసింది ఆ తర్వాతి కాలం బొమ్మ.

పూర్వం ఇక్కడ బొమ్మ గీసేవాళ్ళు, చెక్కేవాళ్ళు, అచ్చు వేసేవాళ్ళు వేరువేరుగా ఉండేవారు. మన పెడనలో అచ్చులు చెక్కేవారు, గుడ్డ మీద అద్దేవారు వేరైనట్టే. 1904లో యమమోతో కనాయె ఒక జాలరి బొమ్మను తానే గీసి, తానే చెక్కి, తానే అచ్చువేశాడు. ‘సోసాకు హంగా’ ఉద్యమానికి అదే నాంది. ఓన్చి కోషిరో ఆ పద్ధతిని నైరూప్య చిత్రాల దాకా తీసుకెళ్ళాడు. ఆయన దగ్గర నేర్చుకున్న మాకీ హాకు (1924–2000) బొమ్మ ఒకటి కొన్నాను, ఫ్రేముతో సహా.

మాకీ చెక్క పలక మీద సిమెంటు పరిచి, అందులో గీతలు చెక్కేవాడు. దాని మీద కాగితాన్ని గట్టిగా అదిమితే గీత ఉబ్బెత్తుగా లేస్తుంది. నా బొమ్మలో నల్లటి చదరం మీద విరిగిన చిత్రలిపి అక్షరమొకటి ఉంది. ఎదురుగా నిలబడితే ఏమంత అనిపించదు. కాస్త పక్కకి జరిగామా, ప్రతి గీతకీ నీడ పడుతుంది. అక్కడే మనసు పారేసుకున్నాను.

ఫ్రేము వెనక అట్ట తీసి చూపించమని అడిగితే కొట్టావిడ సంతోషంగా విప్పింది. చూడవలసిందంతా అక్కడే ఉంటుంది: ఫ్రేములో పట్టడానికి అంచులు కత్తిరించారా, చుట్టూ ఉన్న అట్టలోని ఆమ్లానికి కాగితం గోధుమరంగుకి తిరిగిందా, టేపు అంటించారా. దీన్ని పైఅంచున రెండు చిన్న జపాను కాగితం ముక్కలతో, పిండి జిగురుతో వేలాడదీశారు. అడుగున పెన్సిలు సంతకం, ఎన్నో ప్రతో తెలిపే సంఖ్య చెక్కుచెదరలేదు. బొమ్మ అద్దానికి తగలకుండా ఖాళీ కూడా వదిలారు. అద్దం ఆనితే ఆ ఉబ్బు అణిగిపోతుంది.

క్యోటో

అక్కా, ఫ్రేము విప్పకుండానే తెస్తున్నాను. నేనొచ్చేలోగా మేకు కొట్టించు. హాల్లో వద్దు, సాయంత్రం ఎండ నేరుగా పడుతుంది, రంగు వెలిసిపోతుంది. వానాకాలం చెమ్మెక్కే పెరటి గోడా వద్దు. నాన్నగారి గదిలో కిటికీకి పక్కగా ఉన్న గోడకి కొట్టించు. వెలుతురు వాలుగా వచ్చే గోడ మనింట్లో అదొక్కటే.

నీ తమ్ముడు