తాత పట్టా, అవ్వ గట్టు

2025 జూన్ 8, ఆదివారం. జొన్నగిరి

మృగశిర కార్తె. రాత్రి మంచి పదును వాన. తెల్లారేసరికి వజ్రాలు వెతికేవాళ్లు చేన్లలో దిగినారు. తొలకరి పడితే జొన్నగిరిలో ఏటా ఇంతే. ఎక్కడెక్కడి నుంచో సద్దిమూటలు కట్టుకొని వస్తారు. బుడ్డలు విత్తినాక రానీయము గానీ, ఇప్పుడైతే ఎవరినీ ఏమీ అనము. మా చేనిగట్టు మీద ఒక కుటుంబం కూర్చుని అన్నం తింటా ఉంటే నీళ్లిచ్చి వచ్చినాను.

ఆ గట్టు మా అవ్వ పోసింది. నిలువెత్తు రాళ్లకట్ట. తొంభై దాటిన అవ్వను ఈ రోజు కదిలిస్తే చెప్పింది: "అప్పుడంతా కంపలు, గుండ్లే ఉండె మే. పగలు రైతు చేన్లో కూలి. పొద్దుగుంకినంక మన చేన్లో రాళ్లు. మీ తాత గడ్డపారతో పెకలిస్తే నేను గంపకెత్తి మోసేదాన్ని. మీ పెదనాయన కడుపులో ఉన్నప్పుడు మొదలుపెడితే, వాడు బడికి పొయ్యేనాటికి గొర్రు తిరిగింది."

తాత వాళ్ల నాయన కపిలబావులకు తోలు బానలు కుట్టేవాడు. కళ్లంలో మేర కింద కొలిచిన గింజలే బత్తెం. మాదిగగేరిలో ఎవరికీ సెంటు భూమి లేని కాలం. తాత ఆ పని వదిలి జీతగాడయినాడు. తర్వాత పట్టాదారు అయినాడు. ఆ 'తర్వాత' అన్న మాటలో ఎంత కష్టం ఉందో అవ్వ చెప్తే గానీ తెలియలేదు.

జూన్ 11, బుధవారం

ట్రంకుపెట్టెలో పట్టా దొరికింది. మడతల దగ్గర చిరిగింది. ప్రభుత్వం పేదలకిచ్చే డి.కె.టి. పట్టా, 1955. రెండెకరాల ఎనభై సెంట్లు, మెట్ట. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఉన్న రోజులు. మన పక్కన ఎర్రగుడి గుండ్ల మీద అశోకుడు చెక్కించిన అక్షరాలు రెండు వేల ఏళ్లు దాటినా చదవను వస్తున్నాయి. ఈ కాగితం డెబ్బై ఏళ్లకే పొడి అవుతోంది. రేపే పత్తికొండకు పోయి ఫొటో తీయించి లామినేషన్ చేయించాల.

తేదీ చూసి చిన్నాయన కొడుకు నిట్టూర్చినాడు. 1954 జూన్ 18 నాటి ప్రభుత్వ ఉత్తర్వు నుంచి పేదలకిచ్చిన పట్టాల్లో 'అమ్మరాదు' అనే షరతు పడింది. దానికి ముందువాటికి ఆ కట్టు లేదు. 1977లో వచ్చిన 9/77 చట్టం ఆ షరతును మరింత బిగించింది. 2023 సవరణలో, ఇచ్చి 20 ఏళ్లు దాటినవాటికి అమ్ముకునే హక్కు ఇచ్చినారు. 2024లో ఆ రిజిస్ట్రేషన్లు ఆపినారు. వాడికి అమ్మాలనుంది. బంగారు గని పక్కన ఉన్న ఊరు, ధర వస్తుందంటాడు. ఆ షరతే లేకపోతే ఏదో ఒక కరువేడు తాత ఈ చేనును అప్పుకింద జారవిడిచి ఉండేవాడని నా నమ్మకం.

జూన్ 14, శనివారం

కేన్సస్‌లో ఉన్న చెల్లెలి కొడుకు ఫోన్ చేసినాడు. పట్టా సంగతి చెప్తే, "పెద్దమ్మా, ఇక్కడ నికోడెమస్ అని ఊరుంది" అని మొదలుపెట్టినాడు. 1877లో కెంటకీ నుంచి, బానిసత్వం నుంచి బయటపడిన నల్లవాళ్లు పోయి కట్టుకున్న ఊరు. అమెరికాలో 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద, ఇల్లు వేసుకొని ఐదేళ్లు సాగుచేసి ఇద్దరు సాక్షులతో రుజువు చేస్తే 160 ఎకరాల దాకా సొంతం. మొదట్లో వాళ్లకు ఇళ్లు కూడా లేవు, నేలలో గుంతలు తవ్వుకొని బతికినారు. 1878లో అక్కడికి చేరిన విలియానా హిక్‌మన్ అనే ఆమె ఊరేదని అడిగితే, భర్త నేలలోంచి లేస్తున్న పొగ చూపించినాడంట. ఆమె ఏడ్చేసిందంట. 1888లో రైలుమార్గం ఊరికి రాకుండా పక్కనుంచి పోయి ఊరు చిక్కిపోయింది. అయినా వాళ్ల సంతతి ఏటా జులై చివర అక్కడ కలుసుకుంటారు.

అదే 1877లో ఇక్కడ ధాత కరువు. ఆదోని దిక్కు నుంచి కూలికి వచ్చి మిగిలిన ఒక్కడి నుంచే మా ఇల్లు మొదలైందని అంటారు. అతని పేరు ఎవరికీ తెలియదు. అమెరికాలో కూడా 1870కి ముందు జనాభా లెక్కల్లో బానిసలకు పేర్లు రాయలేదు. యజమాని పేరు కింద వయసు, ఆడో మగో, ఒంటి రంగు, అంతే. ఫోన్ పెట్టేసినాక చాలాసేపు ఈ సంగతే మనసులో మెదిలింది.

ఇంకొకటి చెప్పినాడు. ఆ చట్టం 21 ఏళ్లు నిండిన ఒంటరి ఆడమనిషికి, విధవకు సొంత పేరుతో భూమి అడిగే వీలిచ్చింది. పెళ్లయి భర్త ఉన్న ఆడదానికి మాత్రం లేదు.

జూన్ 17, మంగళవారం

పట్టాలో అవ్వ పేరు లేదు. అడంగల్‌లో లేదు. తాత పోయి ఇన్నేళ్లయినా వారసుల పేర్లు ఎక్కించుకోలేదు. ఈ రోజు అందరినీ కూర్చోబెట్టి చెప్పినాను: అర్జీలో మొదటి పేరు అవ్వది, తర్వాతే కొడుకులు, కూతుర్లు, మనవలు. గట్టు పోసిన మనిషి పేరు లేకుండా ఈ చేను కాగితం పూర్తి కాదు. చిన్నాయన కొడుకు కూడా సరే అన్నాడు.

అవ్వ ఉండగా చేను అమ్మేది లేదు. డి.కె.టి. చేన్లున్న ఇళ్లవాళ్లంతా పట్టా మీద ఎవరి పేరుందో చూసుకోండి. రాళ్లు మోసిన అవ్వలు ఇంకా ఉంటే వాళ్ల పేరు ఇప్పుడే ఎక్కించండి.