చలికాలపు కొలువు

గత శీతకాలంలో మా మేనత్త కుమారుడు అమెరికాలోని కొలరాడో నుండి ఒక ఛాయాచిత్రం పంపాడు. మంచుకొండ వాలుమీద ఎర్రకోట్లు ధరించిన ఇద్దరు యువకులు. ఆ కోట్లమీద తెల్లని సిలువ గుర్తు. కాళ్లకు స్కీ పలకలు కట్టుకొని జారడం నేర్చుకొనబోయి మనవాడు మోకాలు బెణికించుకొనగా, చక్రాలు లేని బండిమీద పడుకోబెట్టి క్రిందికి చేర్చినవారు వీరేనట. "వీళ్లను స్కీ పెట్రోలు అంటారు భాయ్. చాలామందికి ఏడాదిలో నాలుగైదు నెలలే ఈ కొలువు. పొద్దున అందరికంటే ముందు కొండ ఎక్కి ఎక్కడ మంచు విరిగిపడేలా ఉందో చూస్తారు. సాయంత్రం అందరూ దిగిపోయాక, ఎవరైనా మిగిలిపోయారేమోనని దారులన్నీ వెదికి అప్పుడు దిగుతారు" అని వ్రాశాడు.

కుతూహలం కలిగి ఆ సంగతి కొంత చదివాను. 1936లో ఒక మిత్రుని స్కీ ప్రమాదంలో పోగొట్టుకొన్న చార్లెస్ మైనట్ డోల్ అనే ఆయన 1938లో అమెరికాలో ఈ కావలిదళాన్ని జాతీయస్థాయిలో నెలకొల్పాడు. మన దేశంలోనూ కాశ్మీరు గుల్‌మార్గ్ వాలులమీద ఇటువంటి దళం ఉన్నది. మంచు అంటే ఎరుగని నడిగూడెంలో పుట్టిన నాకు ఈ కొలువు పరాయిదిగా తోచలేదు. నేనూ ఒక చలికాలమంతా అటువంటి కొలువే చేశాను. నాది కాలువ కట్టమీద.

చరిత్ర చదివినవారికి మా ఊరు మునగాల రాజావారి కోటవల్ల, వారి దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారి వల్ల తెలుసు. ఊళ్లో సేద్యం చేసేవారికి మాత్రం చరిత్ర వేరొకచోట మొదలవుతుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరు నుండి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడిచారు. లాల్ బహదూర్ కాలువ అని పేరుపెట్టిన ఎడమ కాలువ మా ప్రాంతం మీదుగానే పాలేరు జలాశయం వైపు సాగుతుంది. తలవద్ద పదకొండువేల క్యూసెక్కులు పట్టేటట్లు త్రవ్విన ఆ మహాప్రవాహం మేజర్లుగా, మైనర్లుగా, పిల్లకాలువలుగా చీలి చివరకు ఒక అవ్వ ఎకరం మడికి చేరుతుంది. ఆ దారి పొడవునా దానికి అడ్డు నిలిచేది మట్టికట్ట ఒక్కటే.

డిగ్రీ పూర్తయి, ఎం.ఏ.లో చేరడానికి చేతిలో పైకం లేక ఇంటివద్ద ఉన్నాను. అది 2013-14 యాసంగి. ఒక మేజరు కాలువకు తాత్కాలికంగా లష్కరు కావాలంటే వెళ్లి చేరాను. డిసెంబరు నుండి మార్చి చివరి వరకు పని. కూలి రోజు లెక్కన.

ఉర్దూ విభాగపు మిత్రులకు ఈ మాట వినగానే నవ్వు రావచ్చు. పారసీలో లష్కర్ అంటే సేన. సికింద్రాబాదును నేటికీ లష్కరు అని పిలవడం అక్కడి దండు విడిదివల్లనే. ఉర్దూ అనే పేరు కూడా దండు అనే అర్థమున్న తుర్కీ పదం నుండి వచ్చిందే. అంతటి మాట మా కాలువలమీదికి వచ్చేసరికి భుజాన పార, చేత టార్చిలైటు పట్టిన ఒంటరి మనిషికి పేరైంది. అరబ్బీలో వసంతమని అర్థమున్న రబీ మన రైతు నోట చలికాలపు సాగైనట్లే, సేన కాస్తా ఒక్క మనిషి అయింది.

నాకు పని నేర్పినవాడు పెద్ద లష్కరు. నన్ను "సాయిబుల పిలగా" అని పిలిచేవాడు. నేను "మామా" అనేవాడిని. అక్షరాలు కూడబలుక్కొని చదివేవాడు గాని కట్టను మాత్రం గడగడ చదివేవాడు. గేజీ ఎంత చూపుతున్నదో చూడడం, రాత్రివేళ ఎవరైనా షట్టరు ఎత్తుకొన్నారేమో కనిపెట్టడం, మోరీలకు అడ్డుపడ్డ గుర్రపుడెక్క తీయడం, ఎండ్రకాయల బొరియలు, పందికొక్కుల కలుగులు వెదకి పూడ్చడం మా పనులు. తొలిరాత్రి ఒకసారి, కోడికూతకు ముందు ఒకసారి, సుమారు ఐదు కిలోమీటర్లు నడవాలి. కట్టపైన నడిస్తే చాలదు. బయటివైపు పాదం వెంట కూడా నడవాలి. "బిడ్డా, తేటనీళ్లు ఊరితే కట్టకు చెమట పట్టిందనుకో. బురదనీళ్లొస్తే కట్ట లోపల కరుగుతున్నదనుకో. ఆడ నిలబడి చూడకు, ఉరుకు" అనేవాడు. ఊటనీటి రంగులో ఇంత ప్రమాదం దాగి ఉంటుందని ఏ పుస్తకమూ నాకు అంతవరకు చెప్పలేదు.

నడిచి వచ్చి నోటుబుక్కులో వ్రాయడం నా వంతు: తేది, గేజీ, తూముల స్థితి, కట్ట స్థితి. దాదాపు ప్రతిరోజూ చివరి గడిలో "సవ్యం" అనే వ్రాసేవాడిని. నెల తిరిగేసరికి ఆ మాట చేతికి అలవాటై, కన్నుతో పనిలేకుండానే పుటమీదికి దిగసాగింది.

సంక్రాంతి వెళ్లిన మూడవ నాడు కాబోలు, పొగమంచు దట్టంగా పట్టింది. టార్చి వెలుగు నాలుగు బారల దూరం కూడా పోలేదు. పలుచని స్వెట్టరులో ఒళ్లు వణుకుతున్నది. చివరి మోరీ వరకు వెళ్లాను. దాని ఆవల ఇంకొక అర కిలోమీటరు ఉన్నది. నెల రోజులుగా అక్కడ ఏమీ జరగలేదు; ఈ రాత్రే జరుగుతుందా అనుకొని వెనుదిరిగాను. గుడిసెకు వచ్చి "కట్ట సవ్యం" అని వ్రాసి దుప్పటి ముసుగుపెట్టాను.

ఫజర్ అజాన్ ఇంకా వినబడలేదు. మామ వచ్చి తట్టి లేపాడు. మోరీ ఆవల కట్ట పాదం నుండి బురదనీరు పిడికిలి లావున ఎగజిమ్ముతున్నది. ఆయన ఫోను చేసి ఎగువ షట్టరు దింపించాడు. టార్చి వేసి కాలువలోపల నీటిమీద చిన్న సుడి ఎక్కడ తిరుగుతున్నదో చూపి, అదే బుంగ నోరన్నాడు. గడ్డిమోపులు, బంకమన్ను నింపిన గోతాలు అక్కడ త్రొక్కించాడు. బయటివైపు ఊట చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా కట్ట వేయించాడు. అందులో నీరు నిలబడి ఎత్తు పెరిగితే లోపలినుండి తోపుడు తగ్గుతుందట. రైతులు నలుగురైదుగురు పరుగెత్తుకొని వచ్చి చేయి వేశారు. ప్రొద్దుపొడిచేసరికి బుంగ కట్టుబడింది. కాని దిగువన ఒక అవ్వ ఎకరం మడిలో పావువంతు నాటు ఇసుక క్రింద పూడిపోయింది.

ఆ ఉదయం మామ నోటుబుక్కు అడిగి తీసుకొన్నాడు. రాత్రి నేను వ్రాసిన పంక్తిమీద వ్రేలు పెట్టి కూడబలుక్కొంటూ చదివాడు. నన్ను తిట్టలేదు, ఎవరితోనూ చెప్పలేదు. పుస్తకం నా చేతికిచ్చి, "ఇయ్యాల్టి నుంచి నడిచినంతే రాయి, బిడ్డా" అన్నాడు.

రెండు రోజులు నేను ఆ మడిలోని ఇసుక గంపలతో ఎత్తిపోశాను. అడగకుండా వచ్చి పనిచేస్తున్న పిల్లవాడినని అవ్వ మురిసిపోయి, "సల్లగుండు కొడుకా" అంటూ మజ్జిగ ఇచ్చింది. ఆ మజ్జిగ త్రాగాను. ఇది నా తప్పే అవ్వా అన్నమాట గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. ఆమెగాని, మామగాని ఇప్పుడు లేరు. ఆ మాటను మొదటిసారి ఈ పుటలలోనే చెబుతున్నాను.

2024 సెప్టెంబరు తొలి రోజులలో కుండపోత వానలు కురిసినప్పుడు మా మండలంలోని కాగిత రామచంద్రాపురం వద్ద సాక్షాత్తు ఎడమ కాలువకే గండి పడింది. పొలాలు నీట మునిగాయి. నీటి ఉరవడి తగ్గాక వెళ్లి చూశాను. అంతటి వానముందు ఒక మనిషి కావలి ఏపాటిది? ఆ గండికి తప్పు ఎవరిదని నేను వెదకలేదు. కాని కోసుకుపోయిన కట్ట అంచున నిలిచినప్పుడు, ఇన్నేళ్లు తెగకుండా ఉన్న దినాలన్నీ తమంతట తామే గడిచినవి కావని తోచింది. ఆ రాత్రులన్నింటా ఎవరో చలిలో పాదం వెంట నడిచి ఉంటారు. నీరు పారినందుకు కాలువను మెచ్చుకొంటాము. కట్ట నిలిచినందుకు ఎవరినీ మెచ్చుకొన్నట్లు వినలేదు. కొలరాడో కొండమీది ఆ ఎర్రకోట్లవారి సంగతీ ఇంతే. వారి పని సక్రమంగా సాగిన దినాన చెప్పుకొనడానికి ఏమీ ఉండదు.

విద్యార్థి మిత్రులారా! నేడు నా చేతిలో ఉన్న పట్టికలు వేరు: హాజరు, పూర్తి చేసిన పాఠాలు, మార్కులు. చివరి పద్యం చెప్పకుండానే పాఠం పూర్తయినట్లు వ్రాయబోయిన ప్రతిసారి ఆ మోరీ కళ్లముందు నిలుస్తుంది, కలం ఆగుతుంది. అమానతు అనే మాట మన రెండు భాషలలోనూ ఉన్నది. మనల్ని నమ్మి అప్పగించినది ఏదైనా అమానతే, చలిరాత్రి చివరి అర కిలోమీటరుతో సహా. రేపు మీరు ఆసుపత్రులలో, కార్యాలయాలలో, బడులలో ఏదో ఒక పుస్తకంలో "సవ్యం" అని వ్రాస్తారు. దాని దిగువన మీకు కనబడని ఒక అవ్వ మడి తప్పక ఉంటుంది. ఆ మాట వ్రాసే ముందు మోరీ దాటి రండి.