డబ్బా మీద రాత

డిసెంబరులో బెర్లిన్‌లో మగ్రిబ్ నాలుగింటికే అయిపోతుంది. ఆఫీసు నుంచి వచ్చేసరికి పిల్లలు "అమ్మీ, భూఖ్" అంటూ వంటింటి గుమ్మంలో ఉంటారు.

అప్పుడు నాకు ఒక్క పెనమే ఆసరా. టర్కీ వాళ్ల దుకాణంలో దొరికే హలాల్ సుజుక్, అంటే వెల్లుల్లి, జీలకర్ర దట్టించిన బీఫ్ సాసేజ్, చక్రాల్లా కోసి వేయిస్తాను. నూనె అక్కర్లేదు, దాని చర్బీయే కరుగుతుంది. అందులో ఉల్లిపాయ, ఎర్ర క్యాప్సికం, గుప్పెడు ఆలివ్‌లు, చివర్లో గట్టిగా పిండిన సావర్‌క్రౌట్. 20 నిమిషాల్లో దస్తర్‌ఖాన్ మీద ఉంటుంది.

సావర్‌క్రౌట్ అంటే ఉప్పులో పులిసిన క్యాబేజీ. సిర్కా కూడా పడదు. అందుకే నేనెప్పుడూ షక్ పడలేదు.

పోయినేడు అమ్మీ గుంటూరు నుంచి వచ్చింది. ముద్ద ముట్టకుండానే అడిగింది: "డబ్బా మీద ఏం రాసుందో చదివావా బేటీ?"

"చదివాను అమ్మీ" అన్నాను. ఝూట్!

తర్వాత డబ్బా తిప్పి చూస్తే అందులో తెల్ల వైన్ కలిపారని రాసుంది. పెనమంతా చెత్తబుట్టలో వేశాను. అమ్మీ కోప్పడలేదు.

"తెలియక తింటే అల్లాహ్ మాఫ్ చేస్తాడు బేటీ. నాకు బడి చదువు లేదు. నీకు చదువొచ్చి కూడా చదవకపోతే?"

ఆ రాత్రి గుడ్ల ఖాగినా తిన్నాం.

ఇప్పుడు క్యాబేజీ, ఉప్పు మాత్రమే ఉన్న డబ్బా తెస్తాను. వీడియో కాల్‌లో దాని మీది జర్మన్ అక్షరాలు అమ్మీకి పైకి చదివి వినిపిస్తాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, పూర్తయ్యేదాకా వింటుంది.