బూటు కొలత

మా మేనల్లుడు షార్లెట్ నగరం నుండి ఫోను చేసి, "మామయ్యా, డిస్క్ గోల్ఫ్ ఆడడానికి ఎలాంటి బూట్లు కొనుక్కోమంటావు?" అని అడిగినప్పుడు నవ్వు వచ్చింది. ఆ ఆట పేరు వినడం నాకదే మొదటిసారి. అయినా వాడు అడగవలసిన మనిషినే అడిగాడు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక రసాయనాల కర్మాగారపు స్టోర్సు విభాగంలో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. బోల్టులు, పైపులు, చేతితొడుగులతో పాటు ఏటా వందల జతల సేఫ్టీ బూట్లు కొన్నాను. బూట్ల గురించి మా ఇంట్లో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆ తెలివి ఏ ధరకు వచ్చిందో మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ముందు ఆట సంగతి. ఫ్రిస్బీ వంటి పళ్ళేన్ని విసురుతూ, గొలుసులు వేలాడే ఇనుపబుట్టలో పడేదాకా దాని వెంట నడుస్తూ పోవడమే డిస్క్ గోల్ఫ్. ఆ గొలుసుల బుట్టకు రూపం ఇచ్చినవాడు ఎడ్ హెడ్రిక్ అనే అమెరికన్. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ ఉద్యానంలో ఈ ఆటకు తొలి స్థిరమైన మైదానం వెలిసింది. 2002లో ఆయన పోయాక, కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి కొన్ని డిస్కులు పోతపోశారట. మనం గోదావరిలో కలుపుతాం, ఆయన గాలిలో కలవాలనుకున్నాడు కాబోలు. షార్లెట్‌లో మావాడు ఆడే ఉద్యానం పేరు హార్నెట్స్ నెస్ట్, అంటే కందిరీగల గూడు. పైన్ చెట్ల వేళ్ళు, వాలు నేలలు, తెల్లవారితే తడిసిన గడ్డి. విసిరే చోట మాత్రం గరుకు కాంక్రీటు పలక. ఆట అంతా కలిపితే కొన్ని కిలోమీటర్ల నడక.

వాడి కష్టం ఏమిటంటే, ఎనిమిది నెలల్లో రెండు జతలు పాడయ్యాయి. రెండింటిలోనూ ఎడమ బూటు ముందుమొనే చిరిగింది. పైగా చిటికెనవేళ్ళ దగ్గర కరుస్తున్నాయి. "ఖరీదైనవే కొన్నాను మామయ్యా" అన్నాడు.

పాత బూట్లు పారేయకుండా ఫోటోలు తీసి పంపమన్నాను. అరిగిన బూటును చదవడం నాకు నేర్పినవాడు పటాన్‌చెరు బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన. ఆయన దగ్గర కూర్చుంటే వచ్చిన బూటును తిప్పి చూసి, "ఈయన ఫిట్టరు, గొంతుక్కూసుని చేసే పని, అందుకే ముందల వంగిన కాడ పగిలింది" అనేవాడు. "ఇది డ్రమ్ములు దొబ్బేటోడిది, కుడికాలు బొటనేలు కాడ అరిగింది చూడు సారూ." మడమ లోపలివైపు అరిగితే పాదం చదును. ఇవేవీ నేను సంతకాలు చేసిన కొటేషన్లలో ఉండేవి కావు.

మావాడు కుడిచేతి వాటం. చేతిని శరీరానికి అడ్డంగా తెచ్చి విసిరేటప్పుడు కుడికాలు ముందు ఆన్చి దానిమీద గుండ్రంగా తిరుగుతాడు. ఎడమకాలు వెనుక నుండి మొన ఆనించి కాంక్రీటు మీద ఈడ్చుకుంటూ వస్తుంది. వాడు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాక అర్థమయింది. పైన ఎంత నాణ్యమైన తోలు ఉన్నా, మొనకు రబ్బరు తొడుగు పైకి మడిచి అతికించి లేకపోతే ఆ ఈడ్పుకు ఆగదు. పరుగు బూట్ల పల్చని వల మొన దానికి అసలే పనికిరాదు.

పట్టు విషయంలో అందరూ పొరబడతారు. పట్టు ఎక్కువైతే మంచిదే అనుకుంటాం. కాని ముందు ఆన్చిన పాదం నేలకు అతుక్కుపోయి, పైశరీరం తిరిగిపోతే, ఆ మెలిక అంతా మోకాలే మోయాలి. నేలను పట్టుకోవాలి, తిరగవలసినప్పుడు వదలాలి. సోలు కింద పళ్ళు మరీ లోతుగా కాక, మధ్య ఎడం ఉండేలా చూసుకోమన్నాను. ఎడం ఎందుకో మా ప్రాంతంలో వానాకాలం నడిచినవారికి చెప్పనక్కరలేదు.

సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కల రెండు రకాల నేలలూ ఉన్నాయి. 1972లో ఇక్రిశాట్ సంస్థను పటాన్‌చెరులో నెలకొల్పినప్పుడు, నల్లరేగడి, ఎర్రచెలక ఒకే ఆవరణలో దొరకడం పరిశోధకులకు కలిసివచ్చింది. కార్మికుడికి అదే బెడద. రేగడిలో పది అడుగులు వేస్తే బూటు కింద మరో బూటు తయారవుతుంది. సేఫ్టీ బూట్ల జతే కిలో పైచిలుకు తూగుతుంది. మట్టితో కలిసి అది ఎంతవుతుందో, పాశమైలారం లోపలి దారుల్లో మొదటి షిఫ్టుకు నడిచే మనిషి తొడలను అడగాలి. దగ్గర దగ్గరగా ఉన్న పళ్ళలో బురద ఇరుక్కుని సోలు నున్నటి పలక అయిపోతుంది. ఇనుపమెట్ల మీద అదే జారుతుంది. షార్లెట్ నేల కూడా మన చెలకలాంటి ఎర్ర బంకమట్టేనని మావాడు ఫోటో పంపినప్పుడు, ఎందుకో వాడు ఈ పక్క ఊళ్ళోనే ఉన్నట్టనిపించింది.

ఇక మన్నిక. సోలులో పీవీసీ చవక, గట్టి, చలికి బిర్రబిగుస్తుంది. నైట్రైల్ రబ్బరు బరువు, కాని నూనెకూ వేడికీ తట్టుకుంటుంది. పాలీయురేథేన్ తేలిక, మెత్తన. దాని శత్రువు గాలిలోని తేమ. తొడగకుండా దాచినా కొన్నేళ్ళకు లోపల్లోపలే విచ్చిపోతుంది. తగ్గింపు ధర వస్తోందని ఒక సంవత్సరం నేను రెండేళ్ళకు సరిపడా కొని గోదాములో పేర్చాను. మూడో వానాకాలం పెట్టెలు తెరిస్తే కొన్నింటి సోళ్ళు నానిన బిస్కట్టులా చేతిలోకి వచ్చాయి. అందుకే మావాడికి, చవకగా వస్తున్నాయని నాలుగు జతలు కొని దాచకు, రెండు కొని రోజు మార్చి రోజు తొడుక్కో అన్నాను. తడిసినది ఆరుతుంది, నలిగిన మెత్త తేరుకుంటుంది.

ఇంతవరకు చెప్పడం తేలిక. చిటికెనవేలి దగ్గర కరుస్తోందన్నాడు చూశారా, అక్కడే నేను కాసేపు ఫోను పట్టుకుని మాట్లాడకుండా ఉండిపోయాను.

మా కర్మాగారంలో బూట్లు కొనే పద్ధతి ఇది. ఐ.ఎస్. 15298 ముద్ర ఉండాలి. వేళ్ళ మీది ఉక్కు టోపీ 200 జౌళ్ళ దెబ్బను తట్టుకోవాలి. అంటే దాదాపు 20 కిలోల బరువు మీటరు ఎత్తు నుండి పడినా వేళ్ళు నలగకూడదు. ఇవి సరిపోతే, తక్కువ ధర చెప్పినవాడికి ఆర్డరు. కొలతలు మాత్రం ఏడు, ఎనిమిది, తొమ్మిది, మూడే. మిగతావి తెప్పిస్తే స్టాకు కదలదని ఆడిటు అభ్యంతరం వస్తుంది. ఆ మూడు కొలతల నియమం పైనుండి వచ్చినది కాదు. నేనే రాసి పెట్టాను, దానికి మెచ్చుకోలు కూడా పొందాను. ఊడ్చే పనికి వచ్చే ఆడవాళ్ళ కాళ్ళు నాలుగు, అయిదు ఉంటాయని నాకు తట్టనే లేదు. వాళ్ళు హవాయి చెప్పులతోనే లోపల తిరిగేవారు.

కాంట్రాక్టు పనివాళ్ళకు బూట్లు కాంట్రాక్టరు ఇవ్వాలి. అతడు ఇవ్వడు. బూట్లు లేనివాణ్ణి గేటు దగ్గర లోపలికి పోనివ్వరు. అందుకని వాచ్‌మన్ గదిలో పది పన్నెండు పాత జతలు ఉండేవి; వాటిని గేటు బూట్లు అనేవారు. పొద్దున తొడుక్కుని సాయంత్రం విడిచిపోవడమే. ఎవరి చెమట ఎవరి కాలికో.

2009 వానాకాలంలో జోగిపేట వైపు నుండి వచ్చే ఒక కాంట్రాక్టు మనిషికి ఆ రోజు తొమ్మిదో నంబరు జత మిగిలింది. అతడి కాలు ఆరు. ముందు ఖాళీలో కాటన్ వేస్టు కుక్కుకున్నాడు. ఇనుపమెట్లు దిగుతుండగా మడమ బూటులో పైకి లేచి, బూటు ఒకవైపు, కాలు ఒకవైపు తిరిగాయి. చీలమండ రెండు చోట్ల విరిగింది. ఉక్కు టోపీ చెక్కుచెదరలేదు. ముద్ర సరిగ్గానే ఉంది. విచారణ కాగితంలో "కార్మికుడి తొందరపాటు" అని రాశారు. స్టోర్సు తరఫున నేనూ సంతకం చేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే అబద్ధం. పట్టింది. వారం తర్వాత ఆ గేటు బూట్లు మళ్ళీ స్టోర్సుకు వచ్చాయి, లోపల నల్లటి కాటన్ వేస్టు ఉండ అలాగే ఉంది. దాన్ని వేళ్ళతో బయటికి లాగినప్పుడు నాకు కడుపులో తిప్పింది.

మర్నాడు నుండి భోజన విరామంలో తెల్లకాగితాలు, పెన్సిలు పట్టుకుని షెడ్లలోకి వెళ్ళాను. కాగితం మీద కాలు పెట్టమని చుట్టూ గీత గీసుకోవడం. మొదట ఎవరూ ముందుకు రాలేదు. ఒక పెద్దాయన అయితే కాలు వెనక్కి లాక్కుని, "సారూ, మీరు నా కాళ్ళు వట్టుకుంటె నాకు పాపం తగుల్తది" అన్నాడు. కింద కూర్చున్న నాకేమో ఆయన ముఖం చూడడానికి ధైర్యం చాలలేదు. ఆడవాళ్ళు తమలో తామే గీసుకుని కాగితాలు మడిచి ఇచ్చారు. రెండు వందల పైచిలుకు పాదాలు పోగయ్యాయి. అప్పుడు చూశాను: వేళ్ళ దగ్గర విసనకర్రలా విచ్చుకున్న కాళ్ళు. చిన్నప్పటి నుండి పొలాల్లో ఉత్తకాళ్ళతో నడిచినవారివి. పొడవుకు సరిపోయే బూటు వెడల్పుకు చాలదు, వెడల్పుకని పెద్దది తీసుకుంటే మడమ ఆడుతుంది. సగానికి పైగా మనుషుల్లో రెండు కాళ్ళూ ఒక్క కొలత కావు.

ఇది నా ఊహ కాదని చాలా కాలానికి తెలిసింది. చెన్నైలోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుండి 2022 మార్చి వరకు దేశమంతటా లక్షమందికి పైగా పాదాలు కొలిచింది. భారతీయుల పాదాలు యూరపు, అమెరికా వారి పాదాల కంటే వెడల్పని తేలింది. మనకంటూ వేరే కొలతల పద్ధతి కావాలని, దానికి 'భ' అనే పేరు పెట్టాలని ప్రతిపాదించారు. బ్రిటిష్ వాళ్ళు వదిలిపోయిన అంకెల్లోనే మన కాళ్ళను ఇన్నాళ్ళు ఇరికించుకున్నామన్నమాట.

నా కాగితాల వల్ల మరుసటి ఏడాది నాలుగు నుండి పది దాకా కొలతలు వచ్చాయి, వెడల్పు రకం కూడా కొంత తెప్పించగలిగాను. కాంట్రాక్టు వాళ్ళకు మాత్రం గేటు బూట్లే కొనసాగాయి. అది నా చేతిలో లేదని నాకు నేనే చెప్పుకున్నాను. జోగిపేట వైపు ఆ మనిషి ఇంటికి కూడా కాగితం పట్టుకుని వెళ్ళాను. మంచం మీద పడుకుని ఉన్నాడు. బాగున్న కాలు చుట్టూ గీత గీశాను. రెండోది కట్టు విప్పాక గీద్దామన్నాను. "మళ్ళొస్తరా సారూ?" అన్నాడు. మళ్ళీ వెళ్ళలేదు. అతడు తిరిగి పనికి రాలేదు. ఒంటికాలి కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

మేనల్లుడికి ఇదంతా చెప్పలేదు. సాయంత్రం, కాళ్ళు కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు, ఆడేటప్పుడు వేసుకునే మేజోళ్ళతోనే కొలుచుకో అన్నాను. నిలబడి గీయించుకో; కూర్చుంటే పాదం కుదించుకుంటుంది. పెద్ద కాలికి సరిపోయేది కొను, చిన్న కాలికి లోపల పలుచటి అట్ట వేసుకో. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత జాగా ఉండాలి. లేసు బిగించాక వాలులో దిగి చూడు, వేళ్ళు మొనకు తగిలినా, మడమ లేచినా ఆ జత వద్దు. నీరు చొరని పొర ఉన్నవి మంచుగడ్డికి బాగుంటాయి, కాని ఎండాకాలం ఉడికిస్తాయి, పైనుండి నీళ్ళు దిగితే బయటికి పోవు. ఏ కంపెనీ అని అడిగాడు. నీ కాలు చూడకుండా కంపెనీ పేరు చెప్పలేను, ముందు కాగితం పంపు అన్నాను.

పంపాడు. ఎడమకాలు అర సెంటీమీటరు పొడవు, వేళ్ళ దగ్గర అచ్చం మా అక్కయ్య కాలే. వాడు ఇన్నాళ్ళూ కుడికాలికి చూసుకుని మామూలు వెడల్పువి కొంటున్నాడు. వెడల్పు రకం, రబ్బరు మొన ఉన్న నడక బూట్లు దొరికాయని, పది రోజులుగా కరవడం లేదని నిన్న కబురు చేశాడు. నాకూ ఒక జత పంపుతాడట, కొలత పంపమన్నాడు.

నా కాళ్ళు నేనెన్నడూ గీయించుకోలేదు. పాత క్యాలెండరు కాగితం తిరగేసి నేల మీద పరిచి నిలబడ్డాను. వంగడం నావల్ల కాదు కనుక మా ఆవిడ పెన్సిలు పట్టుకుని కింద కూర్చుంది. కాలు వెనక్కి లాక్కోబోయాను. "కదలకండి, చిటికెనవేలు గీత బయటికి పోయింది" అని, కాగితం రెండోవైపు తిప్పి మళ్ళీ మొదలుపెట్టింది.